నీళ్లు తగ్గిన గీత

ప్రొద్దుటూరు,
28 ఏప్రిల్ 2025

వదినా,

ప్రమీలమ్మత్తకు తుంటి ఆపరేషన్ బాగా జరిగిందని అన్న చెప్పాడు. తొందరపడి రావద్దు. మీ అమ్మను లేపి, నాలుగడుగులు నడిపించాకే రా. జూన్‌లో బడి తెరిచేదాకా జమ్మలమడుగు హాస్టల్‌లో నాకు పని లేదు. ఆడపిల్లలంతా ఊళ్లకు పోయారు. కాపలా కాయడానికి ఎవరూ లేని వార్డెన్ ఏం చేస్తుంది, అన్న ఇంటికి వచ్చి వండిపెడుతుంది.

ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ ఈల వేస్తుంది. వాట్సాప్‌లో అక్షరాలు వెతుక్కోవడం నీకు విసుగు. అందుకే అన్న అంగడి నుంచి పులివెందుల బస్సులో వచ్చే గుడ్డల మూటలో ఈ కాగితం పెడుతున్నాను. ఖాళీ సంచి తిరిగి వచ్చేటప్పుడు నువ్వూ అందులో జవాబు పెట్టు.

ఇక నీ చేపల తొట్టి. నువ్వు చెప్పినట్టే బిందెలో ఒకరోజు నిలవ ఉంచిన నీళ్లు పొద్దునే చెంబుతో పోస్తున్నాను. ఈ ఎండకు రోజుకు దాదాపు అర అంగుళం ఆవిరైపోతోంది. మొన్న ఒకరోజు మరిచాను. మర్నాటి సాయంత్రానికి వెనక తగిలించిన ఫిల్టర్ గాలి పీల్చి గురక పెట్టడం మొదలుపెట్టింది. భయపడి గబగబా నింపాను. నీళ్లు తగ్గితే వాటంతట అవే నిండే ఏర్పాటు ఏదైనా చేయొచ్చా అని ఆలోచిస్తున్నాను.

నల్లోడు నా దగ్గరికి రావడం లేదు. నువ్వు వేలు పెడితే వచ్చి ఆనుకునే చేప, నేను మేత పట్టుకుంటే రాయి పక్కకు పోయి నిలబడి నన్నే చూస్తాడు. ఎర్రోడికి ఆ పట్టింపు లేదు, ఎవరు పెట్టినా తింటాడు. సక్కర్ చేప అద్దానికి కరుచుకొని తన లోకంలో ఉంది.

అత్తకు నా దండాలు చెప్పు.

నీ ఆడబిడ్డ,
స్వాతి


పులివెందుల,
30 ఏప్రిల్ 2025

స్వాతికి,

మూట విప్పి మొదట నీ ఉత్తరమే తీశాను. అమ్మ బాగుంది. నొప్పి ఉన్నా నోరు మాత్రం ఊరుకోవడం లేదు. పరామర్శకు వచ్చిన వాళ్లందరితో నవ్వుతూ మాట్లాడుతుంది. నేను మంచం పక్కన కూర్చొని అందరి పెదాల వైపు చూస్తూ ఉంటాను. వాళ్లు నవ్వితే నేనూ నవ్వుతాను.

నల్లోడు రాలేదని బాధపడకు. వాడిని పదేళ్ల కిందట బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చాను. ఇప్పుడు జానెడు దాటాడు. ఆస్కార్ చేపలు మనిషిని గుర్తుపడతాయని అమ్మినవాడు చెప్తే నమ్మలేదు. జ్వరంలో నాకు చెవులు పోయాక నమ్మాను. ఇంట్లో అందరూ నాతో మాట్లాడాలంటే వెనకాడేవారు. వాడికి ఆ అవసరమే లేదు. నేను గదిలోకి వస్తే చాలు, అద్దం దగ్గరికి వచ్చేవాడు.

ఏర్పాట్లేమీ వద్దు. చెంబుతో పోయడం ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలూ పక్కనే ఉంటే వాటికి ఒంట్లో ఎలా ఉందో తెలుస్తుంది.

సంచిలో డజను చీనీకాయలు పెట్టాను. మీ అన్నకు రసం తీసి ఇవ్వు. మూటలో ఆయన చీటీ ఏమైనా ఉందేమోనని అడుగు దాకా వెతికాను. తీరిక లేదేమో, పెళ్లిళ్ల కాలం కదా.

నీ వదిన,
శ్రీవాణి


ప్రొద్దుటూరు,
3 మే 2025

వదినా,

నువ్వు వద్దన్నావు. నేను చేశాను. తిట్టేముందు చివరిదాకా చదువు.

ఏటా పిల్లలకు ఫిజిక్స్ పాఠాలు చెప్తాను కానీ ఒక్క పైపు కూడా చేత్తో బిగించిన పాపాన పోలేదు. మన వీధి చివర కూలర్లు బాగుచేసే అమ్జద్ ఉన్నాడు కదా, అతన్ని పిలిచాను. కూలర్లో నీళ్లు తగ్గగానే కిందికి దిగి దారి తెరిచి, నిండగానే పైకి తేలి మూసే ఫ్లోటు ఉంటుంది. అలాంటిది చిన్నది తొట్టి అంచుకు బిగించమన్నాను. అతను తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, "కూలర్‌కి పనిచేసేది దీనికెందుకు చెయ్యదు మేడమ్, నీళ్లు యాడైనా నీళ్లే" అన్నాడు.

మొదట వంటింటి కొళాయి నుంచి నేరుగా పైపు లాగాం. ఆ తెలివి నాదే. ఫ్లోటు అంచుకు తట్టుకొని పైకి లేవలేదు. మేం పెరట్లో టీ తాగి వచ్చేసరికి హాలంతా మడమ తడిసేంత నీళ్లు. సరిగ్గా అప్పుడే అన్న అంగడి నుంచి వచ్చి గడప దాటుతూ జారి కూలబడ్డాడు. దెబ్బ తగిలిందేమోనని పరిగెత్తాను. ఆ నీళ్లలోనే కూర్చొని నవ్వుతున్నాడు. పక్కింటివాళ్లు వచ్చి చూసేదాకా నవ్వు ఆపలేదు. అన్న అలా నవ్వడం నా చిన్నప్పుడెప్పుడో చూశాను. లైనింగ్ గుడ్డ తానులో మిగిలిన ముక్కలు తెచ్చి ముగ్గురం తుడిచాం.

తర్వాత కొళాయి ఆలోచన మానేసి, ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను గోడ గూట్లో పెట్టి అక్కడి నుంచి పైపు దించాం. ఇప్పుడు ఫ్లోటు మొరాయించినా దిగేది క్యానులో ఉన్న నీళ్లే. తొట్టి పొర్లదు. మూడు రోజులకొకసారి క్యాను నింపితే చాలు. గూట్లోని మీ పెళ్లి ఫోటోను బీరువా మీద పెట్టాను, జాగ్రత్తగానే ఉంది.

ఇక ఈ తొట్టిని ఎవరూ కనిపెట్టుకొని ఉండక్కర్లేదు వదినా. నువ్వు నిశ్చింతగా ఎన్నాళ్లైనా ఉండొచ్చు.

నీ ఇంజనీరు,
స్వాతి


పులివెందుల,
5 మే 2025

స్వాతికి,

ఉత్తరం అందింది. అమ్మ నిన్న వాకర్ పట్టుకొని నిలబడింది.

నేను నీ ఉత్తరం చదువుతుంటే అమ్మ నా ముఖం చూసి దగ్గరికి రమ్మని సైగ చేసింది. చెవిలో, "ఏంది మే, ఎవరన్నా పోయినారా?" అంది. ఎవరూ పోలేదు, ఇంట్లో చేపలకు నీళ్ల మిషన్ పెట్టారట అన్నాను. మంచిదే కదా అంది. అవును, మంచిదే.

మీ అన్న నవ్వు ఎలా ఉంటుందో నాకు గుర్తుంది. విని రెండేళ్లయింది. నాతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి, ఒకటికి మూడుసార్లు చెప్పాలి. వీధిలోకి వినపడుతుందని ఆయనకు నామోషీ. అందుకని మాటలే తగ్గించేశాడు. అన్నం కావాలంటే కంచం చూపిస్తాడు, బయటికి పోతుంటే తాళం చూపిస్తాడు. ఆయన అలా కూర్చొని నవ్వి ఉంటే నాకు వినపడకపోయినా కనపడేది. కానీ నేను ఇంట్లో ఉన్నన్నాళ్లూ హాల్లో నీళ్లు నిలవలేదు, ఎవరూ జారిపడలేదు.

పెళ్లి ఫోటో ఎక్కడుంటే ఏముంది. క్యానుకు చోటు కావాలి కదా.

ఎన్నాళ్లైనా ఉండొచ్చని రాశావు. సరే.

శ్రీవాణి


ప్రొద్దుటూరు,
7 మే 2025

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చిందో లేదో తేల్చుకోలేకపోయాను. ఎన్నాళ్లైనా అన్నది అత్త కోసం రాశాను. నువ్వు ఇక్కడి బెంగ పెట్టుకోకుండా ఆమెను చూసుకుంటావని.

పైపు బిగించింది కూడా నీ పని తగ్గించాలనే. అన్న కూడా అదే మాట అన్నాడు. "ఇన్నేండ్లు మీ వదిన చెంబుతో పోస్తానే ఉండె. ఇది ముందే పెట్టించింటే ఆమెకు ఈ తిప్పలు తప్పిండేవి" అని శానా సేపు బాధపడ్డాడు. చూడు, ఇక్కడికొచ్చి రెండు వారాలు కాకముందే నాకూ మళ్లీ శానా అలవాటైంది. హాస్టల్ పిల్లలు వింటే నవ్వుతారు.

అన్నలో మార్పు వచ్చింది వదినా. సాయంత్రం అంగడి కుర్రవాళ్లకు అప్పగించి పెందరాళే వస్తున్నాడు. తొట్టి ముందు నీ స్టూలు మీద ఆయన, నేల మీద నేను. మా నాయన సంగతులు, ధర్మవరం నేతగాళ్ల సంగతులు, అంగడి కష్టాలు. ఇన్ని మాటలు ఆయన దగ్గర ఉన్నాయని నాకు తెలియదు.

ఇంకో సంగతి నీకే మొదట చెప్పాలి. నిన్న నల్లోడు నా చేతి మీదికి వచ్చాడు. వేళ్ల మధ్య నుంచి మేత లాక్కుని, పోకుండా అక్కడే ఉన్నాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. నువ్వు పడే సంతోషం ఇదేనని అర్థమైంది.

ఉంటాను,
స్వాతి


పులివెందుల,
9 మే 2025

స్వాతీ,

ఇది అందగానే ఆ ఫ్లోటు, పైపు, క్యాను అన్నీ తీసేయించు.

నిన్న మందుల కోసం బయటికి పోయినప్పుడు ఇక్కడ చేపలు అమ్మే అంగడిలో అడిగాను. కూలర్ సామానులో వాడే రబ్బరు నీళ్లలో ఊరి చేపలకు విషమవుతుందట. వెంటనే తెలియదట. పది పదిహేను రోజులు బాగానే ఉండి ఒక్కసారిగా పోతాయట. అతని దగ్గరే ఒక తొట్టి మొత్తం అలా పోయిందని చెప్పాడు.

బళ్లో చెప్పే పాఠం వేరు, ప్రాణం ఉన్న వాటిని సాకడం వేరు. నన్ను ఒక మాట అడిగి ఉంటే బాగుండేది. అడిగావులే, వద్దన్నాను, అయినా చేశావు.

నల్లోడు నీ చేతి మీదికి వచ్చాడంటే వాడికి ఒంట్లో బాగాలేదేమో చూడు. వాడు కొత్తవాళ్ల దగ్గరికి రాడు.

శ్రీవాణి


ప్రొద్దుటూరు,
11 మే 2025

వదినా,

నిన్ననే అన్నీ తీసేశాను. అమ్జద్ వచ్చి విప్పుకొని పోయాడు. ఫోటో గూట్లో ఎప్పటిలాగే ఉంది. తొట్టిలో సగం నీళ్లు మార్చాను.

ఏ రబ్బరు, అందులో ఏముంటుంది అని అడుగుదామనుకున్నాను. అడగను. చేపలు నీవి, తొట్టి నీది, ఇల్లూ నీదే.

అడ్మిషన్లు మొదలయ్యాయని బడివాళ్లు రమ్మన్నారు. ఈ మధ్యాహ్నం బస్సుకు జమ్మలమడుగు పోతున్నాను. ఇంకో వారం ఆగి పోవచ్చు, కానీ పోతాను. రోజూ పొద్దునే చెంబుతో నీళ్లు పోస్తానని అన్న మాట ఇచ్చాడు. బిందె ఎక్కడ పెట్టాలో, ఎంతదాకా పోయాలో చూపించాను.

నల్లోడి ఒంట్లో బాగానే ఉంది. నేను కొత్తదాన్నని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

స్వాతి


జమ్మలమడుగు,
19 మే 2025

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను. నల్లోడు పోయాడు.

నిన్న ఆదివారం పొద్దునే అన్న ఫోన్ చేశాడు. మొదటి బస్సుకు పోయాను. తొట్టి నిండా నీళ్లున్నాయి. ఫిల్టర్ తిరుగుతోంది. లోపమేమీ కనపడలేదు. వాడు మాత్రం పక్కకు ఒరిగి పైన తేలుతున్నాడు. ఆ నలుపు ఎటుపోయిందో, బూడిద రంగుకు వచ్చాడు. ఎర్రోడు మూలన నిలబడి నోరు తెరిచి మూస్తున్నాడు. సక్కర్ చేపకు ఏమీ కాలేదు.

రోజూ నీళ్లు పోశావా అని అన్నను అడిగాను. "పోసినా" అన్నాడు. అన్నం తినలేదు, నా ముఖం చూడలేదు.

నువ్వు రాసినట్టే అయింది. ఫ్లోటు పెట్టింది మూడో తేదీ. వాడు పోయింది పద్దెనిమిదిన. సరిగ్గా పదిహేను రోజులు. వారం రోజులు ఆ రబ్బరు నీళ్లలో ఊరింది. సగం నీళ్లు మార్చితే చాలనుకున్నాను. విషం నా చేత్తో నేనే పెట్టాను వదినా. నీకు పదేళ్ల తోడును నేను ఒక్క వేసవి కూడా కాపాడలేకపోయాను.

పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాం. గుంట నేనే తవ్వాను.

ఏ ముఖంతో సంతకం పెట్టాలి.

స్వాతి


పులివెందుల,
22 మే 2025

చిట్టి ఆడబిడ్డ స్వాతికి,

చదివి చాలాసేపు ఏడ్చాను. అమ్మ కంగారుపడింది. ఇప్పుడు తేరుకున్నాను.

నిన్ను నిందించి ఏం లాభం. తెలియక చేశావు. మంచి చేయాలనే చేశావు. చదువుకున్న వాళ్లకు కూడా కొన్ని అనుభవం మీదే తెలుస్తాయి. నేను ముందే చెప్పాను కాబట్టి నా మనసులో నీ మీద ఏమీ లేదు. క్షమించేశాను. మీ అన్న ఎవరితోనైనా ఏదైనా అంటే, స్వాతిని ఏమీ అనొద్దని నేనే చెప్తాను.

అమ్మ ఇప్పుడు వాకిలి దాకా నడుస్తోంది. నెలాఖరుకు నేను ఇంటికి పోతాను.

ప్రేమతో,
నీ వదిన


జమ్మలమడుగు,
25 మే 2025

వదినా,

క్షమించానని రాశావు. నీ మనసు పెద్దది. కానీ నేనిక ఆ ఇంటికి రాను. పండగలకూ పబ్బాలకూ కూడా పిలవొద్దు. ఇది అలిగి రాస్తున్నది కాదు.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఫోన్ చేస్తే "పోనీలే పాపా" అని పెట్టేస్తాడు. ఆ సాయంత్రాల తర్వాత ఆ రెండు మాటలు వింటుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకొకటి నీకు చెప్పలేదు. ఆ ఆదివారం తిరిగి బస్టాండుకు పోతూ అమ్జద్ అంగడి ముందు ఆగాను. నలుగురు కూలర్లు తెచ్చుకొని నిలబడి ఉన్నారు. వాళ్ల ముందే, ప్రాణాలు తీసే సామాను అంటగడతావా అని అరిచాను. వచ్చినవాళ్లలో ఒకామె తన కూలర్ ఆటోలో పెట్టుకొని తిరిగి పోయింది. అతను చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "నేను చేపను సంపుతానా మేడమ్, దాన్ని నేనూ చూసినోణ్నే కదా" అన్నాడు. అంతే.

ఆ ఇంటికి రావాలంటే ఆ అంగడి దాటాలి. నాకు చేతకాదు.

అత్తను జాగ్రత్తగా చూసుకో.

స్వాతి


ప్రొద్దుటూరు,
2 జూన్ 2025

స్వాతీ,

అమ్మ దగ్గరికి మా పిన్ని వచ్చింది. నేను ఇంటికి వచ్చి మూడు రోజులైంది. ఒక్క సంగతి మొదటే రాసేస్తాను. ఆలస్యం చేస్తే మళ్లీ రాయలేను.

పులివెందులలో నేను ఏ చేపల అంగడికీ పోలేదు. నాకు ఎవరూ ఏ రబ్బరు గురించీ చెప్పలేదు. పదిహేను రోజుల లెక్క కూడా నా కల్పనే. మంచం పక్కన కూర్చొని, అమ్మ నిద్రపోతుంటే, ఒక్కో మాటా అల్లి రాశాను.

దానికి ఏదో ఒక మంచి పేరు పెట్టాలని చాలా చూశాను. దొరకలేదు. అది అసూయే. ఆ ఇంట్లో నేను లేకపోతే జరగని పని చెంబుతో నీళ్లు పోయడం ఒక్కటే. దాన్ని మీ అన్న తిప్పలన్నాడు. నువ్వు ఒక బెండు ముక్కతో ఆ తిప్పలు తీర్చేశావు. నా స్టూలు మీద కూర్చొని రెండేళ్లుగా నాతో చెప్పని మాటలన్నీ ఆయన నీకు చెప్పాడు. చివరికి నల్లోడు కూడా నీ చేతికి వచ్చాడు. ఇక నాకు ఏం మిగిలిందని ఆ రోజు అనిపించింది. వాడికి జబ్బేమోనని రాసేటప్పుడు నాకు తెలుసు, అది నీకు ఎక్కడ తగులుతుందో.

నిన్ను క్షమిస్తూ రాసిన ఉత్తరం మడిచేటప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్తే నా గడప తొక్కవు. ఆ హాయి నాలుగు రోజులే. అమ్జద్‌ను తిట్టానని నువ్వు రాసింది చదివాక అన్నం దిగలేదు.

వచ్చిన రోజే అతని అంగడికి పోయాను. మెట్టు మీద ఒక ప్లాస్టిక్ టబ్బు ఉంది. అందులో మన ఫ్లోటు, చుట్టూ నాలుగు చిన్న చేపలు. నాకు వినపడేలా దగ్గరికి వచ్చి చెప్పాడు. "ఆ మేడమ్ తిట్టిపోయిన దినమే ఏసినా. పన్నెండు దినాలాయ. ఒక్కటీ సావలే. ఆమె వస్తే చూపిద్దామని పెట్టుకున్నా." నువ్వు తిట్టింది నా అబద్ధాన్ని నమ్మి అని అతనికి చెప్పాను. అతను నా వైపు చూసి, టబ్బులో నీళ్లు కాసేపు చేత్తో కదిపి, "సరేలేమ్మా" అన్నాడు.

ఫ్లోటు విషం కాదు. మరి వాడు ఎలా పోయాడు? శనివారం తొట్టి అద్దం తుడవడానికి కూర్చున్నాను. మన ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లు నిలిచిన చోట అద్దం మీద తెల్లటి గీత పడుతుంది. వాటిని నిమ్మచెక్కతో రుద్దేది ఎప్పుడూ నేనే కాబట్టి నీకు తెలిసే అవకాశం లేదు. పై అంచు నుంచి మూడు వేళ్ల లోతు దాకా, ఒకదాని కింద ఒకటి ఐదు గీతలున్నాయి. రోజూ నీళ్లు పోసిన తొట్టికి అన్ని గీతలు పడవు.

మీ అన్నను పిలిచి చూపించాను. పెదాలు కదిపాడు. వినపడలేదన్నాను. ఇంకాస్త గొణిగాడు. వినపడలేదన్నాను. మూడోసారి గట్టిగా చెప్పాడు.

"పొయ్యలేదు. ధర్మవరం పోయింటి చీరలకు. ఐదు దినాలు పొయ్యలేదు."

పక్కింటావిడ పిట్టగోడ మీద నుంచి తొంగిచూసింది. ఆయన ఆమెను చూశాడు, అయినా గొంతు తగ్గించలేదు. పదిహేడున, శనివారం సాయంత్రం ఊరి నుంచి వచ్చేసరికి ఫిల్టర్ నీళ్లందక ఆగిపోయి ఉందట. మూసిన ఇంట్లో నీళ్లు కాగినట్టున్నాయట. వాడు అప్పటికే తేలిపోయాడు. ఆయన కంగారుగా నీళ్లు నింపి, ఫిల్టర్ తిప్పి, తెల్లవారాక నీకు ఫోన్ చేశాడు. మాట తప్పానని నీ ముందు ఒప్పుకోలేకపోయాడు. నువ్వే రబ్బరు మాట ఎత్తేసరికి నోరు మూసుకున్నాడు.

ఆయన చెప్పింది అయ్యాక నాది నేను చెప్పాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు. ఆయన గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. "పాప మీదికి ఇద్దరం తోసినాం" అన్నాడు. అది మాత్రం మొదటిసారికే వినపడింది.

నీ క్యాను అక్కడే ఉండి ఉంటే మూడు రోజులు లాగేది. తర్వాత రెండు రోజుల్లో తగ్గేది ఒక్క అంగుళం. ఫిల్టర్ గురక పెట్టేదేమో, ఆగేది కాదు. వాడు బతికేవాడు స్వాతీ. వాడిని చంపింది నా అబద్ధం, మీ అన్న మరుపు. నీ చేయి కాదు.

ఫ్లోటు తిరిగి బిగించమని అమ్జద్‌ను అడిగాను. ఆ మేడమ్ వచ్చి నిలబడితేనే బిగిస్తానన్నాడు.

క్షమించమని ఇప్పుడు అడగను. ఆ మాటను నేను ఒకసారి పాడుచేశాను.

శ్రీవాణి


జమ్మలమడుగు,
6 జూన్ 2025

వదినా,

నీ ఉత్తరం బుధవారం అందింది. నిన్న అన్న వచ్చాడు. నేను ఈ హాస్టల్‌లో చేరి ఎనిమిదేళ్లయింది, ఆయన రావడం ఇదే మొదటిసారి. ఆడపిల్లల హాస్టల్ కదా, గేటు దగ్గర పుస్తకంలో పేరు, ఊరు, ఎవరి కోసం వచ్చారు, ఏమవుతారు, అన్నీ రాయించుకుంటారు. అన్నీ రాసి, అంగడి పట్టుచీర ఒకటి చంకలో పెట్టుకొని, వరండాలో నిలబడ్డాడు.

"తప్పు నాది పాపా. నీ నెత్తిన పడుతాంటే చూస్తా ఊరకుంటి" అన్నాడు.

నేను కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. చీర తీసుకోలేదు. బస్సు టైమైందని చెప్పి పంపించేశాను. మెట్లు దిగి పోతుంటే వెనక నుంచి చూశాను. భుజం వంచి నడిచే తీరు అచ్చం మా నాయనదే. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలవలేదు.

నీ మీద కోపం ఇంకా ఉంది. అబద్ధం రాసినందుకు కాదు. నా చేతికి వచ్చిన ఒక్క చేపను జబ్బుదన్నావే, అందుకు. ఈ రెండు రోజులూ ఆ మాటే నమిలాను. ఆ తర్వాత నేను నీకు రాసిన ఉత్తరాలు గుర్తుచేసుకున్నాను. అన్న నవ్విన సంగతి రాయకుండా ఉండొచ్చు. సాయంత్రాల సంగతి రాయకుండా ఉండొచ్చు. నీకు గుచ్చుకుంటుందని నాకు తెలియదా? ఆ ఇంట్లో పుట్టిన నేను సంచితో వచ్చి సంచితో పోతున్నాను. నువ్వు అక్కడ లేకపోయినా ప్రతి వస్తువూ నీదే. రెండు వారాలు అది నాదైనట్టు రాసుకుంటే ఏం పోతుందనుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా నీ మీద కోపం పెట్టుకుంటే నాదీ అబద్ధమే. నల్లోడు పోయాడని అన్న ఫోన్‌లో చెప్పినప్పుడు, ఏడుపు వచ్చేముందు, ఒక్క రెప్పపాటు నాకు తేలికగా అనిపించింది. ఇక వాడు నీ చేతికి కూడా రాడు కదా అని. అలా అనిపించిందని తెలిసి నాకే భయం వేసింది. గుంట నేనే తవ్వుతానని పలుగు లాక్కున్నది అందుకే.

బడి పన్నెండున తెరుస్తారు. ఈ ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ముందు అమ్జద్ అంగడి దగ్గర ఆగుతాను. నలుగురి ముందు తిట్టాను కాబట్టి నలుగురు ఉన్నప్పుడే అడగాలి. అతను ఒప్పుకుంటే వెంటపెట్టుకొని వస్తాను. ఒప్పుకోకపోయినా నేను వస్తాను.

నువ్వు ఆ రోజు పొయ్యి దగ్గరికి పోవద్దు. నేనూ పోను. వంట అన్నను చేయమను. ఆయనకు చేతకాదని నాకు తెలుసు. నేర్చుకుంటాడు.

స్వాతి